ఆపరేషన్ తర్వాత నొప్పి: చైనా సూది ఎంతవరకు సాయం?

ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంతసేపూ నొప్పి సంగతి మత్తు డాక్టర్ చూసుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాతే. మత్తు దిగిపోతుంది. కుట్లు లాగుతుంటాయి. దగ్గాలన్నా, పక్కకు తిరగాలన్నా భయమే. ఇంకో ఇంజెక్షన్ అడుగుదామంటే ‘ఎక్కువ వాడితే కిడ్నీలు పాడవుతాయేమో, అలవాటైపోతుందేమో’ అన్న అనుమానం. సరిగ్గా ఇలాంటప్పుడే చూడటానికి వచ్చిన బంధువుల్లో ఎవరో ఒకరు ‘చైనా వాళ్లు చెవికి గింజలు అంటించి నొప్పి తగ్గిస్తారట, సూదులు గుచ్చితే చాలట’ అంటారు. ఇందులో నిజమెంత? నమ్మి డబ్బు పెట్టొచ్చా? నవ్వి వదిలేయాలా?

రెండూ తొందరపాటే. ఈ పద్ధతుల్లో కొన్ని కొంత పనిచేస్తాయని చెప్పే పరిశోధనలున్నాయి. పనిచేయవని తేల్చినవీ ఉన్నాయి. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలుసుకుంటే డబ్బూ, ఆరోగ్యమూ రెండూ దక్కుతాయి.

ఇప్పుడెందుకీ చర్చ?

ఆపరేషన్ నొప్పికి మందులు లేని మార్గాల కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. కారణం అమెరికా అనుభవం. అక్కడ మార్ఫిన్ జాతికి చెందిన ఓపియాయిడ్ మాత్రలను ఆపరేషన్ల తర్వాత ధారాళంగా రాసిచ్చారు. ఆ మాత్రలతో మొదలైన అలవాటు కొందరిని వ్యసనంలోకి దించింది. తర్వాత హెరాయిన్, ఫెంటానిల్ వచ్చిపడ్డాయి. డ్రగ్స్ మోతాదు మించి ఏటా లక్ష మందికి పైగా చనిపోయే దశకు ఆ దేశం చేరింది. అందుకే 2018 నుంచి అక్కడి ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, మందులు లేని నొప్పి నివారణ పద్ధతులను కూడా ఆసుపత్రిలో అందుబాటులో ఉంచాలని నిబంధన పెట్టింది.

మందుల కంపెనీలూ వెతుకుతూనే ఉన్నాయి. 2025 జనవరి 30న అమెరికా ఎఫ్‌డీఏ సుజెట్రిజీన్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. ఓపియాయిడ్ కాని కొత్త తరహా నొప్పి మందు ఇది. అయితే ఆపరేషన్ చేయించుకున్నవారిపై జరిపిన పరీక్షల్లో ఇది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది తప్ప, పాత ఓపియాయిడ్ మిశ్రమాన్ని మించలేకపోయింది. అంటే ఒక్క మాత్రతో తీరిపోయే సమస్య కాదిది.

మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ సంప్రదాయ వైద్యంపై 2025-2034 వ్యూహాన్ని 2025 మేలో ఆమోదించింది. ఆ సంస్థ సంప్రదాయ వైద్య కేంద్రం గుజరాత్‌లోని జామ్‌నగర్‌లోనే ఉంది. ‘సంప్రదాయ వైద్యాన్ని వాడండి, కానీ రుజువులతో వాడండి’ అన్నది ఆ వ్యూహ సారాంశం. ఆపరేషన్ నొప్పి విషయంలో చైనా పద్ధతులను కూడా ఈ గీటురాయి మీదే చూడాలి.

మన దేశంలో సమస్య కొంచెం వేరు. ఇక్కడ మార్ఫిన్ లాంటివి అతిగా వాడటం కంటే, అవసరమైన చోట కూడా అందకపోవడమే ఎక్కువ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కాగితాల పనికి జడిసి చాలా ఆసుపత్రులు వాటిని తెప్పించుకోవు. 2014లో చట్టాన్ని సడలించినా అలవాటు పూర్తిగా మారలేదు. ట్రమడాల్‌ను సైతం 2018లో ఆ చట్టం కిందికి తెచ్చారు. దాంతో మన రోగికి మిగిలేవి పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటి మందులు. వాటిలో రెండోది వయసు మళ్లినవారికి, షుగరు, బీపీ, కిడ్నీ జబ్బులున్నవారికి అంత క్షేమం కాదు. కాబట్టి నొప్పి మందు మోతాదును కాస్త తగ్గించగలిగే ఏ పద్ధతైనా మనకు ఉపయోగమే. నిజంగా తగ్గిస్తేనే సుమా!

1971లో బీజింగ్‌లో జరిగిందేంటి?

చైనా సూది వైద్యం ప్రపంచం దృష్టికి వచ్చింది ఒక ఆపరేషన్ వల్లే. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ చైనా వెళ్లారు. అక్కడ ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. బీజింగ్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తిరిగి కోలుకుంటూ ఆయన రాసిన వ్యాసం అమెరికాలో సంచలనమైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటనతో ఆ ఆసక్తి రెట్టింపైంది.

‘మత్తుమందు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారు’ అన్న కథ అప్పటి నుంచి నోటా నోటా పాకింది. కానీ రెస్టన్ రాసింది అది కాదు. ఆయనకు మామూలు మత్తు ఇంజెక్షన్లే ఇచ్చి ఆపరేషన్ చేశారు. మర్నాడు రాత్రి పొట్ట ఉబ్బరించి ఇబ్బంది పడుతుంటే అక్కడి ఆక్యుపంక్చర్ వైద్యుడు కుడి మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు గుచ్చారు. ఒక మూలికను చుట్టలా చుట్టి వెలిగించి పొట్ట దగ్గర సెగ చూపించారు. ఇదంతా సుమారు 20 నిమిషాలు. గంటలోపే ఉబ్బరం తగ్గిందని, మళ్లీ రాలేదని ఆయన రాశారు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. కోత నొప్పిని ఆపింది మత్తుమందు. సూది వచ్చింది ఆ తర్వాత, తోడుగా. అది కూడా పేగుల ఇబ్బందికి. ఈ యాభై ఏళ్ల పరిశోధనలన్నీ చుట్టూ తిరిగి దాదాపు ఇక్కడికే చేరాయి.

సూదులతోనే ఆపరేషన్లు చేయాలన్న ప్రయత్నం చైనాలో జరగలేదా అంటే, జరిగింది. 1958లో షాంఘైలో టాన్సిల్స్ ఆపరేషన్‌తో మొదలైంది. మావో కాలంలో దానికి పెద్ద ప్రచారమూ దక్కింది. అయితే రోగులను ఏరికోరి ఎంచుకునేవారు. తోడుగా మత్తు ఇంజెక్షన్లు, నిద్రమందులు ఇచ్చేవారు. 2006లో బీబీసీ చూపించిన గుండె ఆపరేషన్ విషయంలోనూ ఇదే తేలింది. సూదులతో పాటు శక్తిమంతమైన మందులు, కోత దగ్గర మత్తు ఇంజెక్షన్లు ఇచ్చారని నిపుణులు ఎత్తిచూపారు. ‘మత్తు లేకుండా సూదితో ఆపరేషన్’ అని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మకండి.

ఏయే పద్ధతులు ఉన్నాయి?

చైనా వైద్యం అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. ఆపరేషన్ తర్వాత నొప్పికి వాడేవి ప్రధానంగా అయిదు రకాలు.

ఆక్యుపంక్చర్: సన్నని సూదులను నిర్ణీత బిందువుల్లో గుచ్చి 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. కోత మీద గుచ్చరు. చేతులు, కాళ్లు, చెవులే ఎక్కువ.

ఎలక్ట్రో ఆక్యుపంక్చర్: గుచ్చిన సూదులకు తీగలు తగిలించి స్వల్ప విద్యుత్తు పంపిస్తారు. సూది లేకుండా చర్మంపై ప్యాడ్లు అంటించి అవే బిందువులకు విద్యుత్తు ఇచ్చే పద్ధతీ ఉంది. ఫిజియోథెరపీలో మీరు చూసే టెన్స్ యంత్రానికి ఇది దగ్గరి చుట్టం.

చెవి చికిత్స: చెవి డొప్పపై కొన్ని చోట్ల చిన్న సూదులు గానీ, ఆవగింజంత విత్తనాలను ప్లాస్టర్‌తో గానీ అంటిస్తారు. రోగి రోజుకు కొన్నిసార్లు వాటిని వేలితో నొక్కుకోవాలి. మన ఊళ్లలో ఎక్కువగా వినిపించేది ఇదే.

ఆక్యుప్రెషర్: సూది లేకుండా వేలితో నొక్కడం, లేదంటే గుండీ ఉన్న మణికట్టు పట్టీ కట్టుకోవడం.

మాక్సా సెగ: రెస్టన్ పొట్టకు చూపించింది ఇదే. దీనికి వాడే మొక్క మనకు కొత్తదేమీ కాదు. వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతిదే. ఎండిన ఆకును దూదిలా చేసి, చుట్టలా చుట్టి, వెలిగించి, చర్మానికి కాస్త దూరంలో ఉంచుతారు.

ఇవి కాక కప్పింగ్, మర్దన, కషాయాలు ఉన్నాయి. పచ్చిపుండు మీద, కుట్ల దగ్గర కప్పింగ్, మర్దన చేయించుకోకూడదు. కషాయాల సంగతి విడిగా చెప్పుకోవాలి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

చైనా గ్రంథాల ప్రకారం ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి కొన్ని నాళాల్లో ప్రవహిస్తుంది. అది అడ్డగిస్తే నొప్పి. సూది ఆ అడ్డు తొలగిస్తుంది. ఆ నాళాలు మాత్రం శవ పరీక్షలో గానీ, స్కానింగ్‌లో గానీ కనిపించలేదు.

ఆధునిక వివరణ వేరు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త 1965లో దీనిపై పరిశోధన మొదలుపెట్టారు. సూది కదిలినప్పుడు నరాల ద్వారా వెన్నుపాముకు, మెదడుకు సంకేతాలు వెళతాయి. అప్పుడు ఒంట్లోనే తయారయ్యే నొప్పి నివారిణులు విడుదలవుతాయి. వీటినే ఎండార్ఫిన్లు అంటాం. సెకనుకు 2 సార్లు విద్యుత్తు తట్టితే ఒక రకం, 100 సార్లు తట్టితే మరో రకం విడుదలవుతాయని ఆయన బృందం చూపించింది. మార్ఫిన్‌కు విరుగుడైన నాలొక్సోన్ ఇస్తే సూది ప్రభావం తగ్గిపోతోందని 1970ల్లో పాశ్చాత్య శాస్త్రవేత్తలూ గమనించారు.

ఇంతవరకు వింటే కేసు గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ ఒక చిక్కుముడి ఉంది. 1978లో అమెరికాలో జ్ఞానదంతం తీయించుకున్నవారికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. కొందరికి నొప్పి తగ్గింది. వారికి నాలొక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయింది! అంటే ‘నాకు చికిత్స అందుతోంది’ అన్న నమ్మకం కూడా ఎండార్ఫిన్లనే విడుదల చేస్తుందన్నమాట. కాబట్టి ఎండార్ఫిన్లు విడుదలయ్యాయి అన్నంత మాత్రాన ఆ ఘనత సూదిదే అనలేం. నమ్మకానిదీ కావచ్చు. రెండింటినీ విడదీయాలంటే ఉత్తుత్తి సూదితో పోల్చి చూడాల్సిందే.

పరిశోధనలు ఏం తేల్చాయి?

అలా పోల్చిన అధ్యయనాలను అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ మత్తు వైద్యులు ఒకచోట చేర్చారు. 2008లో వెలువడిన ఆ సమీక్షలో 15 పరీక్షలున్నాయి. నిజం సూది వేయించుకున్నవారికి నొప్పి కాస్త తగ్గింది. ఎంత? 10 మార్కుల కొలతలో 8 గంటలప్పుడు దాదాపు ఒకటిన్నర మార్కు. మూడు రోజులప్పుడు సుమారు ఒక మార్కు. నొప్పి 7 ఉన్నవారికి అది అయిదున్నరకు దిగినట్టు. ఊరటే, కానీ పూర్తిగా పోలేదు. మొదటి 24 గంటల్లో మార్ఫిన్ వాడకం సుమారు 8 మిల్లీగ్రాములు తగ్గింది. వికారం మూడో వంతు తగ్గింది. తల తిరగడం, దురద, మూత్రం బిగుసుకోవడం కూడా తగ్గాయి.

ఈ చివరి మాట ముఖ్యం. నొప్పి మార్కులు కొద్దిగానే తగ్గినా, మందు తగ్గడం వల్ల దాని దుష్ప్రభావాలు తగ్గాయి. మార్ఫిన్ తర్వాత వాంతులతో కుట్లు పట్టుకుని అల్లాడిన మనిషిని అడిగితే దీని విలువ చెబుతారు.

చెవి చికిత్సపై జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ వైద్యుల అధ్యయనం పేరున్నది. మోకీలు ఆర్థ్రోస్కోపీ చేయించుకున్న 120 మందిలో చెవి సూదులు నిజం బిందువుల్లో పెట్టించుకున్నవారు సగటున 500 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ వాడారు. ఉత్తుత్తి చోట్ల పెట్టించుకున్నవారు 800 మిల్లీగ్రాములు వాడారు. తేడా ఉంది. అయితే ఇది చిన్న ఆపరేషన్ అన్నది మరచిపోకూడదు.

సూది లేని విద్యుత్ ప్యాడ్ల విషయంలో 1997లో 101 మంది మహిళలపై చేసిన పరీక్ష ఆసక్తికరం. పొత్తికడుపు ఆపరేషన్ తర్వాత బిందువులపై గట్టిగా విద్యుత్తు తట్టినవారికి ఓపియాయిడ్ అవసరం 65 శాతం తగ్గింది. మెల్లగా తట్టినవారికి 34 శాతం. విద్యుత్తే ఇవ్వకుండా ప్యాడ్లు మాత్రం అంటించినవారికి కూడా 23 శాతం! నమ్మకం వాటా ఎంతో, విద్యుత్తు వాటా ఎంతో ఈ మూడు అంకెలే చెబుతున్నాయి.

మన దగ్గర బాగా పెరిగిన మోకీలు మార్పిడి మాటేంటి? 2017లో 39 పరీక్షలు, 2,391 మంది రోగుల వివరాలతో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. విద్యుత్ చికిత్స ఓపియాయిడ్ల వాడకాన్ని తగ్గిస్తోందనడానికి ఓ మోస్తరు బలమైన రుజువు దొరికింది. ఆక్యుపంక్చర్‌కు కొంత బలహీనమైన రుజువు కనిపించింది. యంత్రంతో మోకాలిని ఆడించడం, ఆపరేషన్‌కు ముందు వ్యాయామాలు మాత్రం నొప్పి తగ్గించలేదు.

విఫలమైన పరీక్షనూ చెప్పుకోవాలి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఛాతీ తెరిచే ఆపరేషన్‌కు ముందు 162 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు చర్మంలో చిన్న సూదులు అమర్చి 4 వారాలు ఉంచారు. ఇంకో జట్టుకు ఉత్తుత్తివి. తర్వాత చూస్తే నొప్పిలో తేడా లేదు. అదే ఆసుపత్రిలో మెడ గ్రంథులు తీసిన తర్వాత దీర్ఘకాలం వేధించే నొప్పి, భుజం బిగుసుకోవడంపై మామూలు ఆక్యుపంక్చర్ మేలు చేసింది. ఒక చోట పనిచేసింది ఇంకో చోట పనిచేయాలని లేదు.

వాంతులకు, పేగులకు మేలు

నొప్పి కంటే వికారం, వాంతుల విషయంలో రుజువులు ఎక్కువ. మణికట్టు దగ్గరి ‘నీగ్వాన్’ బిందువుపై 2015 నాటి కొక్రేన్ సమీక్ష 59 పరీక్షలను, 7,667 మందిని పరిశీలించింది. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే వికారం దాదాపు మూడో వంతు, వాంతులు 40 శాతం తగ్గాయి. వాంతులు ఆపే మందులతో పోలిస్తే తేడా పెద్దగా లేదు. రుజువు నాణ్యత గొప్పగా లేదని సమీక్షకులే చెప్పినా, ఖర్చూ ప్రమాదమూ తక్కువ కాబట్టి మత్తు వైద్యుల మార్గదర్శకాల్లో దీనికి చోటు దొరికింది. అంతకుముందే, 1997లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సదస్సు ఆపరేషన్ తర్వాతి వాంతులకు, పన్ను తీశాక వచ్చే నొప్పికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని ప్రకటించింది.

రెండోది పేగుల కదలిక. పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు కొద్దిరోజులు మొద్దుబారతాయి. గ్యాస్ పోదు, విరేచనం కాదు, పొట్ట ఉబ్బి నొప్పి పెరుగుతుంది. ‘గ్యాస్ పోయిందా?’ అని డాక్టర్ రోజూ అడిగేది అందుకే. హాంకాంగ్‌లో పెద్దపేగు క్యాన్సర్‌కు కీహోల్ ఆపరేషన్ చేయించుకున్న 165 మందిపై 2013లో వెలువడిన పరీక్షలో, ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ తీసుకున్నవారికి సగటున 86 గంటల్లో విరేచనమైంది. ఉత్తుత్తి సూదివారికి 107 గంటలు దాటింది. ఏమీ తీసుకోనివారికి 122 గంటలు పట్టింది. 2022లో చైనాలో 248 మందిపై జరిపిన పరీక్షలోనూ దిశ అదే. 90 గంటలు 76 గంటలకు తగ్గింది. ఒక పూట ముందు ఇడ్లీ తినగలగడం, ఒకటి రెండు రోజుల ముందు ఇంటికి వెళ్లడం రోగికి చిన్న విషయం కాదు.

ఎందుకు జాగ్రత్తగా చదవాలి?

మూడు కారణాలు. ఒకటి, సూది గుచ్చేవారికి ఏది నిజమో ఏది ఉత్తుత్తో తెలిసిపోతుంది. వారి ముఖంలో ధీమా రోగికి అందుతుంది. రెండు, చాలా పరీక్షలు చిన్నవి. మూడు, దేశాన్ని బట్టి ఫలితం మారుతోంది. 1998లో ఒక పరిశీలన చేశారు. చైనా, హాంకాంగ్, తైవాన్, జపాన్‌ల నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ పరీక్షలన్నీ అనుకూలంగానే ఉన్నాయి. ఏ చికిత్సకైనా పరీక్షల్లో కొన్ని విఫలం కావడం సహజం. ఒక్కటీ విఫలం కాలేదంటే విఫలమైనవి అచ్చుకు నోచుకోలేదేమోనని అనుమానించాల్సిందే. మన ఆయుర్వేద, హోమియో అధ్యయనాలను చదివేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి.

కషాయాలు, మాత్రలు వేరే సంగతి

సూది, ఒత్తిడి, సెగ ఒక ఎత్తు. నోట్లోకి వెళ్లే మూలికలు ఇంకో ఎత్తు. ఆపరేషన్ చుట్టూ ఉన్న రోజుల్లో ఇవి ప్రమాదకరం కావచ్చు. దాన్‌షెన్ అనే చైనా వేరు వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తేగలదు. జిన్‌సెంగ్ రక్తంలో చక్కెరను తగ్గించవచ్చు. మా హువాంగ్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. చైనా కషాయాల్లో తరచూ కనిపించే అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది. నొప్పికి వాడే యాన్‌హుసువో దుంపలో నిజంగానే నొప్పి తగ్గించే పదార్థం ఉంది. కానీ అదే పదార్థంతో చేసిన జిన్ బు హువాన్ మాత్రలు వాడి 1990ల్లో అమెరికాలో కొందరి కాలేయం దెబ్బతింది. అదే దశాబ్దంలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు వాడినవారిలో అరిస్టలోకిక్ ఆమ్లం వల్ల కిడ్నీలు పాడయ్యాయి.

‘మొక్కే కదా, ఏం చేస్తుంది?’ అనే మాట ఆపరేషన్ రోగి ముందు చెల్లదు. అమెరికా మత్తు వైద్యుల సంఘం మూలికా మందులను ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందే ఆపేయమంటుంది. చైనావైనా, మన పెరటివైనా ఏం వాడుతున్నారో మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

మన దేశంలో పరిస్థితి

ఆక్యుపంక్చర్ మన దేశానికి కలకత్తా మీదుగా వచ్చింది. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో కలిసి చైనా వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ బి.కె.బసు ఉన్నారు. తర్వాత ఆయనే అక్కడ ఈ విద్య నేర్చుకుని వచ్చి బెంగాల్‌లో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో, మహారాష్ట్ర 2015లో దీనికోసం విడిగా చట్టాలు చేశాయి. కేంద్రం 2003లో చికిత్సా పద్ధతిగా, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది.

గుర్తింపు వేరు, శిక్షణ వేరు. కొద్దిరోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవారూ, ఏళ్ల తరబడి చదివినవారూ బోర్డు మీద ఒకేలా కనిపిస్తారు. చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన మన పిల్లలకు కూడా ఈ వైద్యం పరిచయ పాఠంగానే ఉంటుంది. దాంతో వారు నిపుణులైపోరు. ఆపరేషన్ రోగికి సూది వేయాలంటే మీ సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరికీ తెలిసి, ఆసుపత్రిలోనే జరగడం మేలు.

మీరు ఆపరేషన్‌కు వెళుతుంటే...

మొదట అడగాల్సింది సూది గురించి కాదు, నొప్పి ప్రణాళిక గురించి. ‘ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏమిస్తారు? ఎన్ని గంటలకోసారి? నరానికి మత్తు ఇచ్చే బ్లాక్ ఉంటుందా? నా నొప్పిని రోజుకు ఎన్నిసార్లు కొలుస్తారు?’ అని ముందే అడగండి. వేళకు ఇచ్చే పారాసిటమాల్, అవసరమైన చోట నరాల బ్లాక్, దానిపైన మిగతా మందులు కలిపి ఇచ్చే విధానమే నేడు ప్రామాణికం. అది సరిగ్గా ఉంటే సూది అదనపు సాయం. అది లేకపోతే సూది దాన్ని భర్తీ చేయలేదు.

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి పీల్చకపోతే, దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా రావచ్చు. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే 10కి ఎంత నొప్పి ఉందో నర్సుకు అంకెతో చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు ‘పర్వాలేదులే అమ్మా’ అంటారు. వారిని పడుకోబెట్టి కాదు, దగ్గించి, కూర్చోబెట్టి నొప్పి అడగండి.

వికారానికి మీరే చేయగలిగేది ఒకటుంది. మణికట్టు లోపలివైపు ముడత నుంచి మోచేతి దిశగా మూడు వేళ్ల వెడల్పు కొలవండి. పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు తాళ్లలాంటి కండర బంధనాల మధ్య నీగ్వాన్ బిందువు ఉంటుంది. బొటనవేలితో నొప్పి పుట్టకుండా రెండు మూడు నిమిషాలు నొక్కి వదలండి. సెలైన్ సూది ఉన్న చేతిని వదిలేసి రెండో చేతికి చేయండి. వాంతుల మందు మానేయాల్సిన పనిలేదు.

సూది వేయించుకునేట్టయితే ఒకసారే వాడి పారేసే స్టెరైల్ సూదులు మీ ముందే విప్పాలి. కొందరికి ఇవి వద్దు, లేదా డాక్టర్ సరేనంటేనే:

• రక్తం పల్చబరిచే మందులు వాడేవారు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవారు
• పేస్‌మేకర్ ఉన్నవారు: విద్యుత్తు పెట్టించుకోకూడదు
• గర్భిణులు: బొటనవేలు, చూపుడు వేలు మధ్య బిందువు, చీలమండ పైన ఉండే బిందువు ముట్టుకోనివ్వకూడదు
• రొమ్ము క్యాన్సర్‌కు చంక గ్రంథులు తీసినవారు: ఆ వైపు చేతికి సూది వద్దు
• షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు: మాక్సా సెగతో తెలియకుండానే కాలవచ్చు
• ఎవరికైనా సరే: కొత్తగా అమర్చిన కీలు మీద, కుట్ల మీద, వాచిన చర్మం మీద గుచ్చనివ్వొద్దు. ఛాతీ, వీపు పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదముంది

నొప్పి హెచ్చరిక అయితే?

నొప్పిని తగ్గించే ఏ పద్ధతికైనా ఒక ప్రమాదం ఉంది. అది లోపలి ముప్పును కప్పిపుచ్చవచ్చు. తగ్గుతూ రావాల్సిన నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, జ్వరం, చలి వచ్చినా, కోత దగ్గర ఎరుపు, వాపు, చీము కనిపించినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, పొట్ట ఉబ్బి వాంతులు ఆగకపోయినా, మూత్రం రాకపోయినా సూదికో, చెవి గింజలకో వెళ్లకండి. నేరుగా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరకు వెళ్లండి. అర్ధరాత్రయినా సరే.

మొత్తం మీద చూస్తే చైనా పద్ధతులకు ఒక స్థానం ఉంది. వాంతులకు, పేగుల మొద్దుబారడానికి మంచి స్థానమే. కోత నొప్పికి ఓ మోస్తరు సాయం. మూలికలకు మాత్రం ఆపరేషన్ రోజుల్లో దూరం. ‘మందులన్నీ ఆపేయండి, నేను చూసుకుంటా’ అనేవారి దగ్గర ఏ సూదీ వేయించుకోకండి. ‘మీ డాక్టర్‌ను అడిగి రండి, మందులు కొనసాగిస్తూనే ప్రయత్నిద్దాం’ అనేవారి మాట వినొచ్చు.